తోడు

మోనహాన్ జిల్లాలో ఆదివారం నాలుగింటికి
చర్చి గంటకన్నా ముందు మా వ్యాను హారన్ మోగుతుంది.
ఐర్లండ్ వాన. గొడుగు తెరిచేలోపు
దిక్కు మార్చుకునే రకం.
షెడ్డు గుమ్మంలో బూట్లు మందునీళ్లలో ముంచి
జుట్టు వలలోకి కుక్కి
ఏడో నంబరు గదిలోకి వెళ్తాం.

రాత్రికి రాత్రే మొలుస్తాయంటారు పుట్టగొడుగులు.
ఒట్టి మాట.
గడ్డి నానబెట్టి, కోళ్లపెంట కలిపి,
కళ్లు మండే ఘాటులో కుళ్లబెట్టి,
ఆవిరి పట్టి, విత్తనం చల్లి,
పైన నల్లటి పీటుమట్టి కప్పి
ఏడెనిమిది వారాలు కాచుకుంటే
అప్పుడు రాత్రికి రాత్రే మొలుస్తాయి.

మొలిచాక ఆగవు.
ఇవాళ గుండీ అంత, రేపటికి రెండింతలు.
ఆదివారమని చెబితే వినవు.
మూడు వేళ్లతో పట్టి మెల్లగా తిప్పాలి.
గోరు తగిలిందా,
సాయంత్రానికి తెల్లటి టోపీ మీద
గోధుమరంగు చంద్రవంక.

బూజు కనిపిస్తే ముట్టుకోం.
ఊపిరి తగిలినా మడి మడికీ పాకుతుందది.
తడికాగితం కప్పి, పైన ఉప్పు పోసి
శవం పక్కనుంచి నడిచినట్టు
పక్కకి నడుస్తాం.

ఫింటన్ మెకార్డిల్ మంచివాడే.
చెడ్డవాడైతే తిట్టుకోవడం సులువయ్యేది.
ఒక ఏడు మచ్చతెగులు పంట తినేసింది.
విసిగిపోయి, మూడో గది మట్టినంతా
ఆవిరిలో ఉడికించేశాడు.
ఒక్క క్రిమీ మిగలకూడదన్నాడు.
మిగల్లేదు.
తెల్లదారాలు పైదాకా పాకాయి,
అల్లుకున్నాయి, దుప్పటిలా పరుచుకున్నాయి.
అంతే.
ఒక్క మొగ్గ లేదు.
పదో రోజు, పదిహేనో రోజు,
అద్దాలు తుడుచుకుని వంగి చూసేవాడు పాపం.

జ్ద్రావ్కాది బల్గేరియా. అరవై దాటాయి.
"పాలు కాచి ఊరికే వదిలేస్తే
పెరుగవుతుందా అయ్యా" అంది.
జబ్బులేని ఐదో గది మట్టి
రెండు బకెట్లు తెచ్చి చల్లింది, తోడు వేసినట్టు.
ఫింటన్ వద్దనలేదు, ఔననలేదు, టీ తాగడానికి పోయాడు.
కంటికి కనపడనివి ఆ మట్టిలో ఏం తిన్నాయో
ఏం విడిచాయో నాకు తెలీదు.
పదకొండో రోజున
మట్టంతా ఆవగింజలంత తెల్లటి మొటిమలు.

నాకు ఈ పని నోటికొచ్చు.
ఎంత తడికి ఎంత వేడి, ఎప్పుడు ఎంత గాలి.
షెడ్డులో తేమ ఒక్క అంకె తప్పితే
కంప్యూటరు కేకలు పెడుతుంది.
మా అద్దె పడగ్గదికి
కేకలు పెట్టేవాళ్లెవరూ లేరు.

బీరువా వెనక నల్లటి బూజు.
బ్లీచింగుతో తుడుస్తాను. పదిరోజులకి
మళ్లీ అదే చోట, ఇంకాస్త వెడల్పుగా.
ఏజెంటు ఉత్తరం రాశాడు:
మీరు లోపల బట్టలారేస్తారు,
మూత పెట్టకుండా వండుతారు,
గోడకి రంగు డబ్బులు మీరే కట్టాలి.
అక్కడ పెంచినందుకు జీతం.
ఇక్కడ పెరిగినందుకు జరిమానా.
ఇంత గోడకి ఎంత ఉప్పు పోయను?

రాత్రి మాటాస్ పిల్లికూతలు లెక్కపెడతాను.
ఇన్‌హేలరు రెండుసార్లు.
పొద్దున వాడు ఆ నల్లమచ్చ చుట్టూ
పెన్సిలుతో కాడా టోపీ గీసి
"ఇది తినేదా, విషమా?" అన్నాడు.
మా లిథువేనియా అడవిలో
వాడి వయసులో నేనూ
అచ్చం అలాగే అడిగేదాన్ని, ఒక్కోదాన్నీ పట్టుకుని.
అక్కడ నాయనమ్మ దగ్గర జవాబుండేది.

మొన్న జ్ద్రావ్కా పెరుగు సీసాతో వచ్చింది.
గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చి
"ఆల్డోనా, కిటికీ తెరు" అంది.
తెరుచుకోదన్నాను. ఎవరో ఎప్పుడో
చెక్కకీ చట్రానికీ కలిపి రంగు కొట్టేశారు.
సీసా నా చేతిలో పెట్టి
ఆప్రాన్ జేబులోంచి
కాడలు కోసే పొట్టికత్తి తీసింది.
నాలుగు పక్కలా గీసి, భుజంతో ఒక్క తోపు.
తెల్లటి పెచ్చులు మంచం మీద రాలాయి.

వాన లోపలికొచ్చింది.
తుడవబోతే
రానీ, అంది.