చివరి పెట్టె

సీతానగరం కొండమెట్ల మీద
తెల్లారకముందే చోటు పట్టుకుంటాను,
గాలి రొద పడకుండా ఫోను మైకుకి
మా బుడ్డోడి పాత మేజోడు తొడిగి.
కింద కృష్ణ పాయలు పాయలుగా, మధ్యలో తిన్నెలు.

ప్యాసింజరు బండికి నేను ఫోను ఎత్తను.
దానికి చెయ్యూపేవాళ్లు వేరే ఉంటారు.
గూడ్సు కోసమే ఈ పడిగాపులు.

ఆరూ పదికి
వంతెన ముందు వణుకుతుంది,
తర్వాత వినపడుతుంది.
జంట ఇంజన్లు, వెనక బొగ్గు పెట్టెలు,
తడి బొగ్గు వాసన కొండదాకా.
పదిహేడు, పద్దెనిమిది...
పడవలో వలేస్తున్న మనిషి
తలైనా ఎత్తడు.

ఇదివరకు ఇంజను దాటగానే ఆపేసేవాణ్ణి.
సుత్తి భుజానేసుకుని పట్టాలెంబడి నడిచే
కీమేన్ ఏసుపాదం నా వీడియో చూసి పెదవి విరిచాడు:
"తోక లేకుండా తీశావేంటి అబ్బాయ్?
చివరి పెట్టె మీద గుర్తు కనపడితేనే
బండి మొత్తం వచ్చినట్టు మాకు.
లేదంటే సగం ఎక్కడో తెగి
వెనకాలే నిలబడిపోయినట్టు."

ఇవాళ ఆపలేదు.
నలభై. యాభై. లెక్క తప్పింది.
యాభై ఎనిమిదో, తొమ్మిదో,
ఆ వెనక రేకుగదిలాంటి బ్రేకువ్యాను,
గుమ్మంలో స్టీలుగ్లాసు తొలుచుకుంటున్న గార్డు.
నీళ్లు కృష్ణలోకి విసిరి
ఇటు చూశాడు.
పచ్చజెండా కాదు,
ఖాళీ గ్లాసు ఎత్తి చూపించాడు.

వంతెన ఇంకాసేపు మోగింది.
మిగతా నాలుగు నిమిషాలూ
వీడియోలో ఒట్టి పట్టాలే.
కత్తిరించలేదు.
ఏసుపాదానికి చూపించాలి.