తీసుకున్న చర్య

పుస్తకంలో నాలుగు గళ్ళు.
తేదీ, గది, ఫిర్యాదు, తీసుకున్న చర్య.
నాలుగో గడి అన్నిటికన్నా సన్నం.
గీసిందెవరో గాని
మా పని తెలిసినవాడే.

పాలకొల్లు దాటాక, నరసాపురం కాలువ గట్టు మీద
ఇరవై రెండు గదులు, ముప్పై ఒక్కమంది.
ఒక లిఫ్టు. ఆదివారాలు అదీ సెలవే.
రోజూ పదిన్నరకి పుస్తకం చంకనెట్టుకుని
తలుపు తలుపూ తడతాను.

ఆరో గది: గుడ్డు మరీ ఉడికి పచ్చసొన చుట్టూ నీలం తిరిగింది.
పదకొండు: నా తువ్వాలు ఎవరో వాడారు, తడిగా ఉంది.
వాడింది ఆయనే. అది రాయలేదు.
పదిహేడు: కొత్త నర్సు నన్ను తాతా అంటోంది,
నేను తాసీల్దారుగా చేసినవాణ్ణి.
చర్య: సార్ అనమని చెప్పాము.
మర్నాడు మళ్ళీ పదిహేడు: సార్ అంటోంది గాని
మొహం చూసి అనడం లేదు.

మూడో గది నూకరత్నం గారు మాత్రం
"ఏం లేదమ్మా, అంతా బాగానే ఉంది."
ఏడాదిగా అదే ముక్క, గోడకేసి తిరిగి.
ఆ మాటని నేను ఫిర్యాదు గడిలోనే రాస్తాను.
పక్కన: కాసేపు కూర్చున్నాను.

ఏప్రిల్ పద్దెనిమిది. ఎనిమిదో గది, గుబ్బల తాతబ్బాయి గారు.
లాకుల మీద ముప్పై నాలుగేళ్ళు లస్కరు.
"కాలవ కట్టేశారండి. నిద్దరట్టడం లేదు."
ఏటా కట్టేదే కదండీ, పూడిక తియ్యాలి కదా, అన్నాను.
"నేనూ కట్టినోణ్ణేనండి.
అప్పుడు పగలంతా బురదలో పని,
నడుం వాలిస్తే ఒళ్ళు తెలిసేది కాదు.
ఇప్పుడు పనెక్కడిది? చప్పుడన్నా ఉండాలి కదండీ."
లాకు తలుపుల సందులోంచి నీరు కారే చప్పుడు.
మంచం మీంచి అది విని
కాలువ ఎన్నడుగులుందో చెప్పేవారట.

రాశాను. నాలుగో గడి ముందు పెన్ను ఆగింది.
కాలువ మా సంస్థ పరిధిలో లేదు, అని రాయొచ్చు.
నిజమే అది.
నిజం రాసి చేతులు దులుపుకున్న గళ్ళు
ఈ పుస్తకంలో బోలెడు, నా దస్తూరీతోనే.

ఆ రాత్రి ఆయన స్నానాల గదిలో
కుళాయిని చుక్క పడేంత వదిలి
కింద రేకు బకెట్టు పెట్టాను.
తెల్లారి ఆ నీళ్ళు కరివేపాకు మొక్కకి.
గురక మెట్ల దాకా వినిపించింది.

ఏప్రిల్ ఇరవై. తొమ్మిదో గది, కరుణమ్మ టీచరు గారు.
"పక్కగదిలో కుళాయి కారుతోంది. రాత్రంతా టప్పు టప్పు.
ప్లంబరుని పిలిచే దిక్కు లేదా ఈ కొంపకి?"
ఒక్క తప్పు లేకుండా, తనే రాశారు, ఎర్రసిరాతో.

ఒకరి మందు ఒకరికి జబ్బు.
మధ్య గోడ నాలుగున్నర అంగుళాలు.
బకెట్లో పాత తువ్వాలు పరిచి చూశాను.
ఆయన "నీరు తగ్గిందండి" అన్నారు.
ఆవిడ "తగ్గింది గాని పోలేదు" అన్నారు.
మే నెలంతా ఇద్దరూ చెరి సగం నిద్రపోయారు.
దీన్ని పరిష్కారం అనను.
పై ఆఫీసుకి పంపిన కాగితంలో మాత్రం అన్నాను.

జూన్ మొదటివారం విజ్జేశ్వరంలో నీళ్ళు వదిలారు.
మా దాకా రావడానికి కొన్ని రోజులు పట్టింది.
ముందు చెత్త, కొబ్బరి డొక్కలు, ఒంటి చెప్పు,
తర్వాత నురగ,
ఆ వెనక నింపాదిగా నీరు.
తాతబ్బాయి గారు పుస్తకం అడిగి తీసుకుని
నాలుగో గడిలో గీతలు దాటుకుంటూ రాశారు:
నీరొచ్చింది. మూడున్నర అడుగులు.
నేను కుళాయి కట్టేశాను.

మర్నాడు తొమ్మిదో గది, ఎర్రసిరా:
"కుళాయి చప్పుడు ఆగింది.
పక్కాయన బాగానే ఉన్నారా? ఎవరూ చెప్పరేం?"
చర్య: వెంట తీసుకెళ్ళి చూపించాము.
అక్కడే గంటసేపు ఉండిపోయారు,
కాలువకి స్పెల్లింగు కాలవా కాలువా అని ఆయనతో వాదిస్తూ.

తిరిగొస్తూ మూడో గది తలుపు తట్టాను.
నూకరత్నం గారు ఈసారి గోడకేసి లేరు.
"ఇదేం మోతమ్మా ఆ కాలవ, రాత్రంతా కునుకు లేదు.
కాస్త ఎవరికన్నా చెప్పు."
తేదీ వేశాను.
అలవాటు లేకపోయినా టైము కూడా వేశాను,
పదీ నలభై.