ఆఖర్ల నవ్వే ఆమె

కాజీపేట డీజిల్ కాలనీ ఎనుక రేకుల గది.
మీద ఓదెలన్న డిష్షు,
కింద మూడు వీసీఆర్లు, కిర్రుమనే టేబుల్ ఫ్యాను,
నూనె మరకల నోటుబుక్కు.

పగటీలి కరెంటు పోకుంటే
అమెరికా పాత సీరియళ్లు వచ్చేటియి, నలుపూ తెలుపుల.
ఇంగ్లీషు ముక్క రాదాయనకు.
మాటలు ఇడిసిపెట్టి తక్కినయన్నీ రాసుకునేటోడు:

ఆ ఇంటికి మెట్లున్నయి, మీది గది చూపియ్యరు.
మొగుడూ పెండ్లాలకు రెండు మంచాలు, నడుమ దీపం.
గోడలు మూడే.
కప్పుల కాఫీ లేదు, పట్టుకునే తీరే చెప్తది.
సోఫా రంగు –
అక్కడ ఖాళీ.

నాకు పన్నెండేండ్లు. సోమిడి దాకా పైసల వసూలుకు నేనే పోయేది.
ఒకనాడు పిలిచి చెవి పెట్టమన్నడు.
అందరూ నవ్వి ఊకున్నంక
ఒక ఆడామె నవ్వు మిగిలింది,
బండి పోయినంక పట్టాల మీద చప్పుడు తీరుగ.
"మొన్న సిపాయిల దాంట్ల ఈమెనే,
నిన్న దయ్యాల దాంట్ల ఈమెనే.
ఏడ చూసినా ఆఖర్ల నవ్వుతది."
పేరు గూడ పెట్టిండు, లస్మక్క అని.
స్టేషన్ బ్రిడ్జి కింద మిర్చీలేసే లస్మక్క గట్లనే
జోకును ఇంటికి తీస్కపోయి, ఇప్పి చూసి నవ్వుతది.

ఇంజనీరింగ్ కాలేజీల క్విజ్జు. సౌండు బాక్సులు మాయి.
కండ్లద్దాల పిలగాడు లేచి చెప్పిండు:
నవ్వులు మిషన్ల దాస్తరట,
మీట నొక్కితే చిన్న నవ్వు, ఇంకో మీటకు పెద్దది.
అండ్ల నవ్వినోళ్లు ఎప్పుడో పోయిన్రట.
పది మార్కులు. చప్పట్లు.

వైరు చుట్టుకుంట ఓదెలన్న చెయ్యెత్తిండు.
ఎవలూ అటు చూడలె.

స్కూటర్ మీద ఏం మాట్లాడలె.
ఫాతిమానగర్ దాటినంక అడిగిండు,
"పోయిందంటవా?"

తెల్లారి లస్మక్కనే పట్టుకొచ్చిండు.
చేతుల శనగపిండి కొంగుకు తుడుచుకుంట కూసున్నది.
టీవీల అందరూ నవ్విన్రు. ఆమె నవ్వలె.
మళ్ల ఏసిండు. నవ్వలె.
ముందుకు జరిగి, టీవీకి చెవి ఆనిచ్చి
"గామెను నిండ నవ్వనిస్తలేరు బిడ్డా,
నడుమలనే తెంపుతున్నరు" అన్నది.
పొయ్యి మీద నూనె ఉన్నదని లేచి పోయింది.

ఓదెలన్న పెన్ను తీసిండు.
చానాసేపు పట్టుకున్నడు.
ఏం రాయాల్నో తెలువక
తేదీ ఏసిండు.