పిడికెడు బియ్యం

మా చర్చిల ప్రతి ఆడమనిషీ
ఎసట్ల బియ్యం పోసేముందు
ఒక్క పిడికెడు తీసి పక్కకు పెడ్తది.
దేవుని డబ్బ.
ఒకరిది పాలపొడి డబ్బ, ఒకరిది పెయింటు డబ్బ,
మూత లేనోళ్లు సత్తుగిన్నె మీద పిల్లగాని పలక బోర్లిస్తరు.
శనివారం శనివారం సంచి భుజాన ఏసుకొని
ఆ డబ్బలన్నీ వంచుకొచ్చే పని
పదకొండేండ్లు నాది.

సన్నయి, దొడ్డయి, రేషన్‌వి, నూకలు
అన్నీ ఒక్క సంచిల కలిసేటియి.
అమ్మిన పైసలు చర్చి రేకులకని
నా చేతిరాత, నా సంతకం.
అరవై రెండు వేల నాలుగు వందలు.

నాలుగు వందలు మిగిలినయి.
కడమయి దేవరకొండ బస్టాండు ఎనక లాడ్జిల
మూడు రాత్రులు, పదమూడు ముక్కల కింద పోయినయి.
సైతాను ఆడిచ్చిండని చెప్పొచ్చు.
లేదు, నేనే ఆడిన.
మంచిగ ఆడుతున్న అనుకుంటనే ఆడిన.

ఎల్బీనగర్ అవుతల ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌ను, రెండేండ్లు.
గేటు తీసుడు, గేటు ఏసుడు.
రాత్రి మోకరిస్తే ప్రార్థన రాకపోయేది,
లెక్క వచ్చేది:
పిడికెడుకు ఎన్ని గింజలు,
ఎవరి బిడ్డ ఆ పూట ఒక ముద్ద తక్కువ తిన్నది.
క్షమించు ప్రభువా అంటే
ఆయన ఏమనకపోయేది.
ఊకున్నడో, వింటున్నడో
గేటు కాడ కూసున్నోనికి ఏం తెలుస్తది.

తిరిగొచ్చిననాడు బత్తాయి తోటలల్ల మందు కొడుతున్నరు.
మల్లేపల్లి కాడ బస్సు దిగిన.
ఆటోల ఊరోళ్లు ఉంటరని
ఆరు కిలోమీటర్లు నడిచిన.
చర్చి మీద పాత రేకులే.
తుప్పు చిల్లులల్లకెల్లి ఎండ పడి
బండల మీద రూపాయి బిళ్లలు బిళ్లలుగ మెరుస్తున్నది.
వాటిని తొక్కలేక
పక్కపక్కకు జరుక్కుంట లోపలికి పోయిన.

లూదియమ్మ ఊడుస్తున్నది.
ఊరి బోరునీళ్లు తాగి తాగి నడుము వంగిన మనిషి,
ఎదుటోని ముఖం చూడాలంటే గోడ పట్టుకోవాలె.
పట్టుకున్నది. చూసింది.
"ఐదు వేలు తెచ్చిన పెద్దమ్మా, జీతంల మిగిలినయి."
చెయ్యి చాపలే.
"ఇయ్యాల శనివారం" అన్నది.
కొయ్యకున్న సంచి తీసి నా దిక్కు ఇసిరింది.
"నా మోకాళ్లు రెండు గడపలకే మొరాయిస్తున్నయి. పో."

ఆమెను దేవదూత అనను.
నేను మెట్లు దిగుతుంటే ఎనకకెల్లి ఒర్రింది:
"లెక్క రాసేది నా మనమరాలు!
నువ్వు మోసేటోనివే, చెప్తున్న!"
ఆ మాటకు నాకు ఊపిరి అందింది.
రెండేండ్లల్ల మొదటిసారి
నన్ను ఎట్లున్ననో అట్ల చూసి
పని చెప్పిన్రు ఎవరో.

ఎస్తేరు కోడలు డబ్బ వంచింది,
ముఖం మాత్రం అటు తిప్పుకున్నది.
నా దగ్గర పాటలు నేర్చిన పిల్లగాడు
"అంకుల్, ఇవి గూడ తింటవా?" అన్నడు.
ఏం చెప్పను.
"చూడు బిడ్డా, వచ్చే శనివారం గూడ చూడు" అన్న.
అబ్రహాం ఇంట్ల తలుపు మూసిన్రు.
మూసిన తలుపు ముందు
సంచి మూతి ఇప్పి కాసేపు నిలబడ్డ.

ఇప్పుడు సగం బియ్యం అమ్ముతలేం.
నడుములు వంగినోళ్లు, పొయ్యి కాడ కూసోలేనోళ్లు
మా ఊర్ల తొమ్మిదిమంది.
మనమరాలు కొలిచి ఇస్తది, నేను వండుత,
టిఫిన్ గిన్నెలు సైకిల్‌కు కట్టుకొని తిరుగుత.
పప్పుల ఉప్పు ఎక్కువైతే తిడ్తరు. పడ్త.
రేకులు ఇంకా కారుతనే ఉన్నయి.

అబ్రహాం ఇంటి ముందు ఏడు శనివారాలు నిలబడ్డ.
ఎనిమిదోనాడు వాన.
తలుపు బెత్తెడు తెరుచుకున్నది.
సందులకెల్లి ఒక పిడికిలి బయటికొచ్చింది,
బిగించిన పిడికిలి.
కొడ్తడేమో అనుకొని కండ్లు మూసుకున్న.
సంచిల గింజలు రాలిన చప్పుడు.