వాపస్ తలుపు

జిలీబ్‌ల మా రూముకు పదకొండు మంచాలు,
ఒక్క కిటికీ. దానికీ అట్ట అంటించినం
పగటీలి పండుకునేటోళ్ల కోసం.

లింబాద్రిది తలుపు పక్క కింది మంచం.
రాత్రి నీళ్ల ట్యాంకరు, తెల్లారితే ఎవలెవలయో కార్లు కడుగుడు.
నిద్ర ఆయనకు అప్పు.
మిత్తి కడుతడు, అసలు తీరది.

ఎవడిచ్చిండో తెల్వది.
చిటికెడు పొట్లం. ఉప్పే అన్నడట అమ్మినోడు.
మొదటి రాత్రి రెండు ట్రిప్పులు ఎక్కువ కొట్టిండు.
రెండో రాత్రి రోడ్డు తనతోని మాట్లాడిందన్నడు,
నవ్వినం.
మూడో దినం గ్యాసు పొయ్యి విప్పి
నట్లన్ని పళ్లెంల వరుసగ పేర్చి
బిగించిండు, మళ్ల విప్పిండు, మళ్ల బిగించిండు.
ఎవల్నీ అన్నం వండనియ్యలే.

ఐదో దినం నా గల్ల వట్టి
మంచం కింద ఎవలో ఉన్నరని చూపించిండు.
ఉన్నయి:
తెగిన చెప్పులు, ఖర్జూర డబ్బా,
ఊరికని కొన్న నొప్పుల బాం సీసలు పదహారు.

ఫర్వానియా దవాఖానల నేను నేల తుడుస్త.
ఆ వార్డు నాది కాదు,
అయినా బకెట్ నెట్టుకుంట పోయిన.
నర్సమ్మ షైనీ, కొట్టాయం దిక్కు మనిషి,
వచ్చీరాని హిందీల చెప్పింది:
మెదడుల ఒక సంబురం ఉంటదట,
ఒక నరం కొస నుంచి బయిటికొచ్చి
ఎదుటి నరాన్ని తట్టి, చెప్పేది చెప్పి
వచ్చిన తొవ్వనే లోపటికి మర్లిపోవాలె.
ఈ పొడి ఆ తలుపు కాడ కూసుంటది.
వాపస్ పోనియ్యది.
సందు నిండుతది, తట్టిందే తడుతది, తట్టిందే తడుతది
లోపటోనికి పిచ్చి లేసేదాంక.

నాకు నవ్వొచ్చింది. దవాఖానల నవ్వొద్దు.
పాసుపోర్టులు కఫీలు బీరువల ఉన్న
పదకొండు మందిమి,
గింత ముచ్చట చెప్పనీకి
గంత చదువు చదవాల్నా?

కాదు, రెండూ ఒకటి కావు.
మేం ఆగిపోతే మా పెయ్యి అలుస్తది.
అది ఆగిపోతే మెరుస్తదట.
మెరుస్తదని మాకు ఎవలూ చెప్పలే,
సస్తరనే చెప్పిండ్రు.
పెదవులు పగిలిన లింబాద్రి చెప్పిండు:
"ఆ రెండో రాత్రి అసొంటిది నా బతుకుల లేదురా."
ఏమనాల్నో తెల్వక
దుప్పటి కాళ్ల దాంక గుంజిన.

నయమైనంక కేసట.
ఏలిముద్రలు వట్టి, మళ్ల రాకుంట, ఇంటికి పంపుతరట.
ఏడేండ్ల సంది అడుగుతున్న టికెట్టు.

పండుకున్నా ఆయన బొటనవేలు, చూపుడువేలు
గాలిల ఏదో బిగిస్తనే ఉన్నయి.

మా పొయ్యికి ఒక నట్టు ఇంక దొరకలే.
గిన్నె గోడ దిక్కు ఒరుగుతది,
ఆ దిక్కు అన్నం మాడుతది.
మాడిందని ఎవలం అనం.