నాలుగో గడి

వార్డో రేవులో నవంబరు. మధ్యాహ్నం రెండింటికే చీకటి.
చేపల తూకం గదిలో సున్నీవ
పడవల పేర్లని తాళంచెవులు చేసి
టన్నుల్నీ మనుషుల్నీ వాటికి కట్టి ఉంచింది.
పేరు పెట్టి పిలిస్తే చాలు, పలుకుతుంది డిక్షనరీ.
అలా కాదు, వరసల్లో కావాలంది ట్రోమ్సో ఆఫీసు,
మధ్యలో కామాలు పెట్టి, సాదాగా.

నాలుగు లైన్ల కోడ్.
తలవరస: పడవ, టన్నులు, సిబ్బంది.
కింద ఒక్కో తాళంచెవికీ ఒక్కో వరస.
కాఫీ చల్లారకముందే ఫైలు తయారు.

తూకం ఓడ్‌బ్యోర్న్ కళ్ళజోడు నుదుటికెత్తి చదివాడు.
"హాల్దిస్ పడవలో ఐదుగురా?
ఒక్కతే కదా వేటకెళ్ళేది!"

తప్పు ఎక్కడుందో వెతకనక్కర్లేకపోయింది.
ఈ దేశంలో దశాంశానికి చుక్క పెట్టరు, కామా పెడతారు.
మూడున్నర టన్నుల కాడ్ చేప
కామా దగ్గర కత్తి పడ్డట్టు తెగింది:
మూడు, టన్నుల గడిలో.
ఐదు, మనుషుల గడిలో.
అసలు ఆ ఒకటి
తలమీద పేరైనా లేని నాలుగో గడిలో
బయటెక్కడో నిలబడి ఉంది.

సున్నీవ నవ్వింది. అతను నవ్వలేదు.
"ఐదుగురే ఉండేవాళ్ళు.
తండ్రీ, ముగ్గురన్నలూ, తనూ.
ఆ మార్చి దాకా."

ఆమె ఇంకేం అడక్కుండా
అంకెకి రెండు వైపులా కొటేషన్లు తొడిగింది,
చలికి చేతులకి ఊలు తొడిగినట్టు.
మళ్ళీ నడిపింది. మూడున్నర. ఒకటి.
లెక్క సరిపోయింది.

తలుపు దగ్గర ఆగి, గొళ్ళెం మీద చెయ్యి వేసి,
"ఆ పాత ఫైలు... అప్పుడే తుడిచెయ్యకు," అన్నాడు ఓడ్‌బ్యోర్న్.
బయట ఎవరిదో ఇంజను
దగ్గుకుంటూ రేవులోకొస్తోంది.