నల్లా కింద నీలం

కాసెట్ మీద పెన్నుతో రాయొద్దు, పెన్సిలే.
చేరిన రోజు పెద్ద టెక్నీషియన్ చెప్పిన మాటల్ల
ఇదొక్కటే యాదికున్నది.
స్పిరిట్‌ల సిరా కరుగుతది.
మనిషి కొట్టుకపోతడు.

ఇరవై రెండేండ్లాయె.
ఫార్మలిన్‌కు ఇప్పుడు నా కండ్లు నీళ్ళు పెట్టవు.
బియ్యపు గింజంత ముక్క
స్పిరిట్ మెట్లెక్కి తన నీళ్ళన్నీ వదులుకుంటది,
జైలీన్‌ల గాజయితది,
మైనంల పండుకుంటది.
కరెంటు పోయిన ఎండాకాలం పగళ్ళు
మైనం గడ్డకట్టకుండ పాత చెద్దరు కప్పి
కావలి కూసున్న.

కత్తి మీద సన్నటి రిబ్బను లేస్తది.
ఫ్యాన్ బంద్. ఊపిరి బంద్.
గోరువెచ్చని నీళ్ళ మీద పరిస్తే
ముడతలు వాటంతట అవే ఇప్పుకుంటయి,
పాల మీద మీగడ సర్దుకున్నట్టు.

మా నాయిన రంగులోడు, కొత్తవాడల.
జంపఖానాల నూలు డేగిసల ముంచి
కట్టెతో తిప్పుకుంట అంకెలు లెక్కపెట్టేటోడు.
గడియారం లేదు.
నాకున్నది. అయినా అంకెలే లెక్కపెడత.
హెమటాక్సిలిన్‌ల మూడు వందలు.
బయటికి తీస్తే నేరేడుపండు తిన్న నాలిక రంగు.
నల్లా కింద పెట్టాలె.
మన నీళ్ళల్ల సున్నమున్నది.
చాయను చెడగొట్టే ఆ నీళ్ళే
నీలాన్ని బయటికి పిలుస్తయి.
హైదరాబాదు నుంచి వచ్చిన మేడం ఏదో పొడి కలుపుమన్నది.
సరే అన్న. కలపలే.

మంగళవారం ముక్క, పదకొండు వందల నలభై ఆరు.
మూత్రాశయం. మగ. అరవై మూడు.
పని అన్న గళ్ళల ఎవరో రాసిన్రు: రంగులద్దకం.
పేరు చూడొద్దు. చూసిన.
కుసుమ వీరమల్లయ్య.
నాయిన పక్క పొయ్యి ఆయనదే.
మోచేతుల దాక ఎర్రగ,
పండుగ లేకున్నా గోరింటాకు పెట్టుకున్నోని లెక్క.
నా బొంగరం డేగిసల ముంచి
ఆరేదాక ముట్టుకోకు అన్నడు.

ఆయన నూలు ముంచినంత సేపు
ఆయనను ముంచిన.
ఆమ్లంల ఒక్క మునక, ఎక్కువైతే వెలుస్తది.
నల్లా. ఇయోసిన్. మళ్ళ స్పిరిట్.

రిపోర్టు నేను రాయ.
రంగు పట్టిందా లేదా, అద్దంల అంతవరకే చూస్త.
పట్టింది.
గులాబీ ఆడాడ. తక్కినదంత నీలం,
పోగు తప్పిన మగ్గం లెక్క
నీలం మీద నీలం.

ట్రే పట్టుకొని తలుపు కొట్టిన.
రంగెట్ల వచ్చిందన్నది మేడం, తల ఎత్తకుండ.

మంచిగొచ్చింది అన్న.